బ్రేకు మీద ఎవరి కాలు

బ్రేకుల్లో గాలి తీయడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు చక్రం దగ్గర పానా పట్టుకుని కూర్చోవాలి, ఇంకొకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కాలి. మా ఇంట్లో చక్రం దగ్గర మా ఆయన, సీట్లో నేను. పెళ్ళైన మూడో నెల నుంచి ఇదే వరస. నాకు బండి నడపడం రాదు, ఇప్పటికీ రాదు. కానీ ఆ పాత అంబాసిడర్ బ్రేకు గురించి నా కుడికాలికి తెలిసినంత ఈ లోకంలో ఇంకెవరికీ తెలియదని నమ్మేదాన్ని.

ఆ కారు మా మామది. జోగిపేట నుంచి సంగారెడ్డికి కిరాయికి తిప్పేవాడు. ఆయన పోయాక అందరూ అమ్మేయమన్నారు. మా ఆయన అమ్మలేదు. పటాన్‌చెరులో పంపులు చేసే ఫ్యాక్టరీలో ఈయన లేత్ మిషన్ మీద పని చేస్తాడు. పొద్దంతా ఇనుముతోనే ఉండి, సెలవు రోజున కూడా ఇనుము దగ్గరికే పోతాడు. హైవేకి ఈ పక్క మా కాలనీలో ఇంటి ముందు రేకుల కొట్టం వేసి, దాని కింద కారును పెట్టుకున్నాడు.

గాలి తీసేటప్పుడు ఆయన మూడు మాటలే చెప్పేవాడు. "ఒత్తు" అంటే పెడల్ తొక్కి వదలాలి, అట్లా నాలుగైదు సార్లు. "దమ్ వట్టు" అంటే తొక్కి అట్లాగే పట్టుకోవాలి. అప్పుడు ఆయన చక్రం వెనకాల ఉండే నిప్పల్‌ను పానాతో కొంచెం తిప్పుతాడు. నిప్పల్ అంటే వేలి కొనంత చిన్న మూతి. అందులోంచి బుడగలు బుడగలుగా ఆయిల్ వస్తుంది, నా కాలి కింద పెడల్ మెల్లగా నేలకు దిగుతుంది. ఆయన నిప్పల్ బిగించాక "ఇడువు" అంటాడు. అప్పుడే కాలు తీయాలి. ముందే తీస్తే పోయిన గాలి మళ్ళీ లోపలికి గుంజుకుంటుంది, చేసిందంతా వృథా.

మా ఆయన ఇంట్లో మాట్లాడే మనిషి కాదు. అన్నం బాగుంటే ఇంకొంచెం వేయించుకుంటాడు, బాగాలేకపోతే లేచిపోతాడు, అంతే. కానీ కారు కింద కూర్చున్నప్పుడు ఆయనకు నేను కనబడను, నాకు ఆయన కనబడడు. అందుకేనేమో, ఒక చక్రానికీ ఇంకో చక్రానికీ మధ్య ఏదో ఒకటి అడిగేవాడు. "మీ అమ్మకు మోకాలు తగ్గిందా?" అని. "నిన్న మొన్న నువ్వెందుకు ఏడ్చినవ్?" అని. ముఖం చూసి ఎన్నడూ అడగని మాటలు అవి. రెండోసారి నెల తప్పిన సంగతి నేను ఆయనకు చెప్పింది ఆ సీట్లోంచే. కింద పానా నేల మీద పడిన చప్పుడైంది. తర్వాత, "దమ్ వట్టు, దమ్ వట్టు, ఇడువకు" అన్నాడు. పెడల్ గురించి చెప్పాడో, నా గురించి చెప్పాడో, నేను అడగలేదు.

అట్లాంటి నా సీట్లోకి సారు వచ్చాడు.

సారుది కోస్తా. గోదావరి కాలువల కింద వరి పండే ఊరు. కుర్రతనంలో ఇక్కడి సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి, రిటైరై, మాకు నాలుగిళ్ళ అవతల ఇల్లు కట్టుకుని ఉండిపోయాడు. ఒక పొద్దున నడకకు పోతూ మా కొట్టం ముందు ఆగాడు.

"ఏం తమ్ముడూ, ఈవిడింకా బతికే ఉందా!" అన్నాడు కారును చూసి.

మా ఆయన నవ్వాడు. నేను గుమ్మంలో బియ్యం చెరుగుతున్నాను. పొద్దున్నే, పళ్ళు కనబడేట్టు, ఎవరో తెలియని మనిషి మాటకు ఆయన నవ్వడం నేను అప్పుడే చూశాను.

ఆ రోజు మొదలు, మా ఆయనకు షిఫ్టు లేని ప్రతి రోజూ సారు మా కొట్టంలోనే. ఇంజన్ మూత ఎత్తి ఇద్దరూ తలలు లోపల పెట్టి గుసగుసలాడుకునేవాళ్ళు. నేను నాలుగు నెలల్లో వినేన్ని మాటలు మా ఆయన ఆ మనిషితో ఒక పూటలో మాట్లాడేవాడు. నేను పోతే ఆగిపోయేవారు. దాపరికమేమీ లేదు, నాకు అర్థం కాదని ఆగేవారు. అదే నాకు ఎక్కువ మండేది. సారు టీలో చక్కెర తగ్గించి ఇవ్వడం మొదలుపెట్టాను. నాలుగు రోజులకు సారు గ్లాసు పట్టుకుని, "చెల్లెమ్మా, నాకు షుగరని నీకెవరు చెప్పారమ్మా? మా ఆవిడ కూడా ఇంత శ్రద్ధ తీసుకోదు" అన్నాడు. ఇంట్లోకి వచ్చి గిన్నె ధన్‌మని పెట్టాను.

డిస్కు బ్రేకుల మాట పుట్టింది ఒక వాన రోజు. మా ఆయన సారును ఎక్కించుకుని పటాన్‌చెరు పోయి వస్తుంటే ముందు లారీ ఒక్కసారిగా ఆగిందట. ఈయన బ్రేకు వేస్తే తడిసిన బ్రేకు డ్రమ్ములు పట్టక బండి ఎడమకు గుంజుకుపోయి రోడ్డు దిగిందట. ఎవరికీ ఏమీ కాలేదు. నా మనసు పోయింది మాత్రం వేరే దిక్కు: ముందు సీట్లో నేను ఉండాల్సింది కదా, సారు ఎందుకున్నాడు అని.

"పాతకాలపు డ్రమ్ములతో ఈ హైవే మీద తిరగకూడదు తమ్ముడూ. ముందు చక్రాలకి డిస్కులు వేయించేద్దాం. ఈ పాత బళ్ళకి సరిపోయేలా విడిగా చేసి అమ్ముతున్నారు" అని సారు ఫోన్‌లో బొమ్మలు చూపించాడు. మా ఆయన ఆ ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని చూశాడు.

పెట్టె పార్సిల్‌లో వచ్చింది. తెరిస్తే అందులో తళతళలాడే రెండు ఇనుప పళ్ళాలు, రెండు క్యాలిపర్లు. చక్రంతో పాటు పళ్ళెం తిరుగుతుంది, క్యాలిపర్ దాన్ని పట్టకారులాగా రెండు పక్కలా అదిమి ఆపుతుంది, అని మా ఆయన చెప్పాడు. నాకు కాదు, ఎదురింటి వాళ్ళకు. నేను పక్కనుంచి విన్నాను.

ఆ ఆదివారం పొద్దున్నే ముందు చక్రాలు ఊడదీశారు. డ్రమ్ములు తీసేసి పళ్ళాలు ఎక్కించారు. క్యాలిపర్లు బిగించేటప్పుడు సారు అడిగాడు, నేను విన్నాను: "తమ్ముడూ, ఎడమదీ కుడిదీ తేడా ఉంటుందేమో, ఒకసారి చూడు."

"రెండు ఒక్క తీరే ఉన్నయ్ సార్. ఏది ఎటేసినా కూసుంటది" అన్నాడు మా ఆయన. లేత్ మీద వెంట్రుకంత తేడా పట్టే మనిషి. నిజంగానే రెండూ చక్కగా కూర్చున్నాయి.

ఇక గాలి తీయాలి. నేను అప్పటికే చేతులు కడుక్కుని, చీర కొంగు దోపుకుని బయటికి వచ్చాను. చూస్తే సీట్లో సారు! ఒక చేయి స్టీరింగ్ మీద, కాలు పెడల్ మీద.

"నువ్వెందుకు, సార్ ఉన్నడు గదా. నువ్వు చాయ్ పెట్టు" అన్నాడు మా ఆయన చక్రం వెనక నుంచి. నా ముఖం కూడా చూడలేదు.

చాయ్ పెట్టాను. పొయ్యి దగ్గర నిలబడి చెవులు బయట పెట్టాను.

"ఒత్తున్రి సార్... ఒత్తున్రి... ఒత్తున్రి... ఆ, దమ్ వట్టున్రి!"

ధబ్ ధబ్ ధబ్ ధబ్ అని పెడల్ చప్పుడు.

"అరె, దమ్ వట్టున్రి సార్!"

ధబధబధబధబ! ఇంకా జోరుగా.

"ఏం జేస్తున్నరు సార్ మీరు!"

"దమ్ము పడుతున్నాను కదయ్యా!"

నేను గిన్నె దించి బయటికి ఉరికాను. సారుకు చెమటలు. మా ఆయన ముఖం నిండా ఆయిల్. సంగతి ఏంటంటే, సారు వాళ్ళ వైపు నాట్లకు ముందు నీళ్ళు పెట్టిన మడిని తొక్కి తొక్కి బురద చేయడాన్ని దమ్ము పట్టడం అంటారట. మా వైపు దమ్ అంటే ఊపిరి. దమ్ వట్టు అంటే జెర ఆగు, అట్లాగే ఉండు. మా ఆయన ఆగమంటుంటే సారు పొలం తొక్కుతున్నాడు. నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. ఆ నవ్వులో సగం నవ్వు, మిగతా సగం చెప్పుకునేది కాదు.

మాట సరిచేసుకుని మళ్ళీ మొదటి నుంచి చేశారు. సాయంత్రం దాకా చేశారు. పెడల్ మాత్రం మెత్తగానే ఉంది. మొదటిసారి తొక్కితే నేల దాకా పోతుంది, మూడు నాలుగు సార్లు కొడితే గానీ పైకి లేవదు. అంటే లోపల గాలి ఉన్నట్టే.

"గా దమ్ముతోనే గాలి మొత్తం లోపలికి గుంజింది సార్. మల్ల ఐతారం సూద్దాం" అన్నాడు మా ఆయన. సారు తల వంచుకుని చెప్పులు వేసుకున్నాడు.

సారు వెళ్ళి, మా ఆయన స్నానానికి పోయాక కారిన ఆయిల్ తుడవడానికి పాత గుడ్డ తీసుకుని కూర్చున్నాను. ఆ పని ఎప్పుడూ నాదే. పాత బ్రేకులకు నిప్పల్ మీద రబ్బరు టోపీ తొడిగేది కూడా నేనే. గుడ్డతో తుడుస్తూ పోతే, కొత్త క్యాలిపర్‌కు నిప్పల్ పైన లేదు. చేయి కిందికి పెడితే అక్కడ తగిలింది. అవతలి చక్రం దగ్గరికి పోయి చూశాను. అక్కడా కిందనే.

నాకు చదువు లేదు. కానీ కొండాపూర్ దగ్గర మా నాయన పొలంలో మోటరు నీళ్ళు ఎత్తకపోతే ఏం చేసేవాడో చూస్తూ పెరిగాను. పంపు పైన ఉండే బిర్రను, అంటే బిరడాను, విప్పేవాడు, కింద ఉన్నదాన్ని కాదు. గాలి పైకే పోతుంది. కింద ఎన్నిసార్లు విప్పినా నీళ్ళు కారతాయి తప్ప గాలి పోదు. సారు అడిగిన తేడా ఇదే: ఎడమది కుడికి, కుడిది ఎడమకు వేసి తలకిందులు చేశాడు మా ఆయన. సారు తొక్కుడుతో దీనికి ఏ సంబంధమూ లేదు.

గుడ్డ పిండి ఆరేసి ఇంట్లోకి వచ్చాను. చెప్పలేదు. మర్చిపోయి కాదు. అన్నం వడ్డించేటప్పుడు నాలుక మీద దాకా వచ్చింది. ఆ సీట్లో సారు చేయి వేసి కూర్చున్న తీరు గుర్తొచ్చింది, మింగేశాను.

వారం మధ్యలో సారు భార్య కరివేపాకు కోసం వచ్చింది. మంచి మనిషి. నవ్వుతూ అంది: "మీ అన్నయ్యగారికి పిచ్చి పట్టిందమ్మా. మధ్యాహ్నం భోజనం కాగానే కుర్చీలో కూర్చుని, వంటింట్లో పీట తెచ్చి కాలి కింద పెట్టుకుని తొక్కుతున్నారు. నన్ను 'దమ్ వట్టు, ఇడువు' అని అనమంటారు. నా వల్ల తమ్ముడి బండి పాడైందని ఒకటే బాధ."

రెండు రెబ్బలు అడిగితే పెద్ద కొమ్మ విరిచి ఇచ్చాను. అది తప్ప ఏమీ ఇవ్వలేదు.

మళ్ళీ ఆదివారం వచ్చింది. సారు ఈసారి తప్పు లేకుండా తొక్కాడు. ఒత్తమన్నప్పుడు ఒత్తాడు, పట్టుకోమన్నప్పుడు పెడల్‌ను ప్రాణంలా పట్టుకున్నాడు. నేను గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తూ చూస్తున్నాను. నేను కూడా అంతకంటే బాగా తొక్కలేను. అయినా పెడల్ మెత్తగానే. రెండు సీసాల ఆయిల్ అయిపోయింది. మా ఆయన లేచి పానాను నేల మీద విసిరాడు.

"సార్, మీకు చెప్తే మనసుకు పట్టిచ్చుకోకున్రి. మీ కాలుకు ఇడుపు తెలుస్తలేదు. నేను బిగించకముందే ఇడుస్తున్నరు. ఎన్నిసార్లని జెప్పాలె!"

ఎన్నడూ ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి. సారు కారు దిగాడు. నవ్వబోయాడు గానీ పెదవి ఒక పక్కకే కదిలింది.

"నా కాలు పొలానికే తప్ప కారుకి పనికిరాదు తమ్ముడూ. చెల్లెమ్మా, నువ్వే కూర్చో తల్లీ. నీ బండి నీకే మాలిమి."

చిక్కుళ్ళ చాట పక్కన పెట్టి పోయి కూర్చున్నాను. ఎంత జల్దీ పోయానో నాకే సిగ్గు. సీటు ఇంకా వెచ్చగా ఉంది, అంచుకు జరిగి కూర్చుంటే గానీ కాలు అందలేదు.

"ఒత్తు... ఒత్తు... ఒత్తు... దమ్ వట్టు."

పట్టుకున్నాను. నా కాలి కింద కూడా పెడల్ అట్లాగే మెత్తగా, నానిన రొట్టె ముక్కలాగా దిగిపోయింది.

"ఇడువు. ఇగో, గిది కాలంటే! ఇప్పుడు సక్కగ వస్తుంది. సూసిన్రా సార్?"

అబద్ధం. రావాల్సిన తీరులో ఏమీ రావడం లేదు. కానీ ఆ మాట సారు ముందు, గేటు దగ్గర ఆయన నిలబడి వింటుండగా అన్నాడు. నాకు కడుపు నిండింది. ఆ మాట ఇంకోసారి అంటే బాగుండనుకుంటూ నాలుగు చక్రాలకూ తొక్కాను. చివరికి చూస్తే గేటు దగ్గర సారు లేడు. గోడ మీద ఆయన గ్లాసు ఉంది, టీ సగం అట్లాగే ఉంది.

మా ఆయన వచ్చి పెడల్‌ను గబగబా నాలుగు సార్లు కొట్టాడు. కొడితే గట్టిపడింది. "అయ్యింది. ఎక్కు, పటాన్‌చెరు దాంక పోయొద్దాం" అన్నాడు.

నన్ను. ముందు సీట్లో. కొత్త బ్రేకులు వేశాక మొదటిసారి బండి తీస్తూ నన్ను ఎక్కమన్నాడు. నాకు ఇంతకంటే ఏం కావాలి? ఇంట్లో కట్టుకునే చీరతోనే ఎక్కాను.

సందు చివర కిరాణా దుకాణం ముందు రోడ్డుకు అడ్డంగా ఒక స్పీడ్ బ్రేకర్ ఉంటుంది. అక్కడ ఆయన బ్రేకు వేశాడు. నేను ముందు అద్దంలోంచి చూడలేదు, ఆయన కాలునే చూశాను. నేల దాకా పోయింది. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ కొట్టాడు, అప్పుడు ఆగింది.

"కొత్తయి గదా. కుదురుకోవాలె" అన్నాడు.

ఎదురుగా హైవే. లారీలు ఒకదాని వెనక ఒకటి దూసుకుపోతున్నాయి. 

"ఆపు" అన్నాను.

"ఏమాయె?"

"పోవద్దు. ఆపు. గాలి పోలే."

ఆయన బండిని పక్కకు తీసి, చేతి బ్రేకు లాగి ఆపాడు. "నువ్వే గదా తొక్కినవ్?"

"నేను తొక్కినా గంతే, సారు తొక్కినా గంతే. నిప్పల్ కిందికున్నది. ఎడమది కుడికేసినవ్."

ఆయన స్టీరింగ్ వదిలాడు. చేతులతో గాలిలోనే ఒక క్యాలిపర్‌ను తిప్పి చూసుకున్నాడు. అర్థమైందని నాకు తెలిసింది.

"ఎప్పుడు సూసినవ్?"

"పోయినైతారం. ఆయిల్ తుడుస్తుంటే."

"మరి ఎందుకు జెప్పలే?"

"నన్నెవరడిగిన్రు?"

"నేను గా సార్‌ను ఎన్ని మాటలన్న! నువ్వు గుమ్మంల కూసోని ఇన్నవ్."

"ఇన్న."

"ఆయనంటే కోపమా నీకు?"

"కోపం గాదు."

"మరేంది?"

"నా సీట్ల కూసున్నడు" అన్నాను.

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వితే నాకు తేలికయ్యేది. నవ్వలేదు. బండిని మెల్లగా వెనక్కి తిప్పి, మొదటి గేరులోనే, చేతి బ్రేకు మీద చేయి వేసి ఇంటి దాకా తెచ్చాడు. దిగాక ఒక్క మాటే అన్నాడు.

"పో. సార్‌కు నువ్వే జెప్పిరా."

నాలుగిళ్ళ దూరం. అంత పొడుగు సందు అది అని ఎన్నడూ అనుకోలేదు. సారు వరండాలో పేపరు ముందు పెట్టుకుని కూర్చున్నాడు, చదవడం లేదు.

"సారూ, మీ కాలు తప్పేం లేదు. మా ఆయననే క్యాలిపర్లు ఇటుది అటేసిండు. నిప్పల్ కిందికున్నది. ఎవరు తొక్కినా గాలి పోదు."

సారు లేచి నిలబడ్డాడు. "నా కాలు కాదా?"

"కాదు సారు."

"ఏమేవ్, విన్నావా! నా కాలు కాదంట!" అని లోపలికి కేక పెట్టాడు. ఎప్పుడు చూశావమ్మా అని అడుగుతాడేమోనని దారి పొడుగునా ఒక అబద్ధం సిద్ధం చేసుకుని వచ్చాను. ఆయన అడగలేదు. చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా నాకంటే ముందు నడిచాడు.

మేము వెళ్ళేసరికి మా ఆయన రెండు క్యాలిపర్లూ విప్పి మార్చేస్తున్నాడు. సారును చూసి, "సార్, మాఫ్ జెయ్యున్రి" అన్నాడు. "పోదూ, నువ్వు తిడితే నాకేంటయ్యా" అన్నాడు సారు, కళ్ళు తుడుచుకుంటూ. నిప్పళ్ళు ఇప్పుడు పైకి, ఆకాశం చూస్తున్నాయి. తలుపు తెరిచి ఉంది, సీటు ఖాళీగా ఉంది. మా ఆయన మా ఇద్దరిలో ఎవరినీ పిలవలేదు. పానా పట్టుకుని చక్రం వెనక కూర్చున్నాడు.

"సారే కూసోనీ" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. వచ్చీరాగానే వెనక్కి తీసుకోవాలనిపించింది. అప్పటికే సారు ఎక్కేశాడు.

బుడగలు పోయాయి. ఎన్ని బుడగలో! రెండో చక్రం అయ్యేసరికి సారు కేక పెట్టాడు: "రాయి తమ్ముడూ, రాయి! కాలు దిగట్లేదు!" మా ఆయన చక్రం వెనక నుంచి లేచి వచ్చి కిటికీలోంచి సారు భుజం మీద ఆయిల్ చేత్తోనే కొట్టాడు. ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుతున్నారు. ఆ కొత్త బ్రేకు గట్టిదనం మొట్టమొదట తగిలింది సారు కాలికి. నేను సారు మీద పడి ఏడవాలా, నా మీద నేను ఏడవాలా?

"చెల్లెమ్మా, రా, నువ్వు తొక్కి చూడు! ఇదంతా నీ పుణ్యమే."

"పొయ్యి మీద పప్పున్నది సారు, మాడిపోతది" అని లోపలికి వచ్చేశాను. పొయ్యి మీద పప్పు లేదు. పొయ్యి వెలిగించి కూడా లేదు.

మంగళవారం ఆయన షిఫ్టుకు పోయాక, సారు నడక ముగించుకుని వెళ్ళిపోయాడని చూసుకుని, కొట్టంలోకి పోయి కారు తలుపు తెరిచాను. కూర్చుంటే కాలు పెడల్‌కు అందలేదు. సారు పొడుగు మనిషి, సీటు బాగా వెనక్కి జరిపి ఉంది. కింద కడ్డీ పట్టుకుని, బలమంతా పెట్టి ముందుకు లాక్కున్నాను. అప్పుడు తొక్కాను. నిజమే, రాయి. రెండోసారి తొక్కాను, మూడోసారి తొక్కాను, దిగనే లేదు.

దిగేటప్పుడు సీటును మళ్ళీ వెనక్కి జరపలేదు. అట్లాగే ఉంచి తలుపు వేశాను.